పేరు రాయని చీటీలు

కిందటి వారం కథ ఒక కలం మూత దగ్గర ఆగింది. కళాశాలలో కొత్తగా ఏర్పడిన ‘ఆసరా బృందం’లో నలుగురు సభ్యులు: వైస్ ప్రిన్సిపాల్, లైబ్రేరియన్, హాస్టల్ వార్డెన్, తర్కశాస్త్రం బోధించే మాస్టారు. ప్రవర్తనలో తేడా కనిపించిన విద్యార్థిని చెయ్యి దాటకముందే గుర్తించి సాయం అందేలా చూడటం వారి బాధ్యత. ఆ పని నేర్పడానికి బయటినుంచి వచ్చిన శిక్షకురాలు మూడు రోజులుగా వారికి పాఠం చెబుతోంది. బృందం పెట్టిన ఆకుపచ్చ పెట్టెలో ఒకే నంబరు మీద నాలుగు చీటీలు పడ్డాయి: రెండువందల నాలుగు. ఆ నంబరు గల అబ్బాయిని కొన్ని వారాలపాటు తరగతులు మాన్పించి తండ్రి వెంట ఇంటికి పంపేయాలని ఉత్తరం తయారైంది. ముగ్గురు సంతకం చేశారు. నాలుగో సంతకం కోసం మాస్టారు కలం మూత తీశారు. తీసిన మూతను ఏం చేయాలో తోచక అలాగే పట్టుకుని ఉండిపోయారు.

ఇంకొక్క సంగతి గుర్తు చేసుకుని ముందుకు పోదాం. శిక్షణ మొదటి రోజున ఒక అభ్యాసం జరిగింది. నాటక సంఘం కార్యదర్శి, కాలేజీ అంతా ‘హీరో’ అని పిలుచుకునే ఆఖరి సంవత్సరం విద్యార్థి, ఆపదలో ఉన్న కుర్రవాడి వేషం కట్టి కుర్చీలో కూర్చున్నాడు. అతన్ని ప్రశ్నించే వంతు మాస్టారుకు వచ్చింది. “చచ్చిపోవాలనే ఆలోచన ఏమైనా వస్తోందా?” అన్న ప్రశ్నను ఆయన కాగితంలోంచి హాజరు పిలిచినట్టు చదివారు. ‘లేదు సార్, కొంచెం అలసటగా ఉంది’ అని హీరో చెప్పాలి. కాగితంలో ఉన్నది అదే. అతను మాత్రం, “హాజరు పట్టీలో నా పేరు కొట్టేస్తే, సార్, పడేది ఒక్క గీతేగా?” అన్నాడు. గది చప్పట్లతో మోగింది. ఆ మాట ఎక్కడిదని శిక్షకురాలు అడిగితే, “అప్పటికప్పుడు అల్లేశాను మేడమ్” అని నవ్వాడు. కాగితం దాటి మాట్లాడినందుకు ఒకటి తగ్గించి, మాస్టారు అతని నటనకు పదికి తొమ్మిది మార్కులు వేశారు. ఆ మార్కును వైస్ ప్రిన్సిపాల్ అందరికీ చదివి వినిపించాడు.

ఇప్పుడు మూడో రోజు. మధ్యాహ్నం మూడు దాటింది.

సమావేశపు గదిలో పొడుగాటి బల్లకు ఒక పక్క బృందం కూర్చుంది. వార్డెన్ కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన పొద్దున్నే వచ్చి, ఉత్తరం చదవకుండానే సంతకం గీకి, హాస్టల్ మోటారు చెడిపోయిందంటూ వెళ్ళిపోయాడు. ఎదుటి పక్క రెండో సంవత్సరం అబ్బాయి, అతని తండ్రి. తండ్రి బస్సు డ్రైవరు. సగం డ్యూటీలో బండిని డిపోలో పెట్టి వచ్చాడు. చొక్కా జేబు మీద ఇంకా బిళ్ళ ఉంది.

“మావాడేం చేశాడు సార్?” అని ఆయన అడగడం అది మూడోసారి.

“ఏమీ చేయలేదు. ఏమీ చేయకూడదనే పిలిచాం,” అన్నాడు వైస్ ప్రిన్సిపాల్, చాలా మెత్తగా.

తండ్రికి ఆ మాట అర్థం కాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తర్కం చెబుతున్న మాస్టారుకీ అర్థం కాలేదు. కొడుకు ముఖం చూసిన తండ్రి, తండ్రి ముఖం చూసిన కొడుకు, ఒకరి దగ్గర దొరకని జవాబు ఇంకొకరి దగ్గర ఉంటుందేమోనని వెతుకుతున్నారు.

వైస్ ప్రిన్సిపాల్ టైపు చేయించిన కాగితం తీసి చదివాడు. ప్రయోగశాలలో అందరూ వెళ్ళాక ఒంటరిగా ఉండిపోతున్నాడు, తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. తరగతిలో ముందు బెంచీ వదిలి చివరికి మారాడు. లైబ్రరీ పుస్తకాలన్నీ ఒక్కసారే తిరిగి ఇచ్చేశాడు. దుప్పటి, అలారం గడియారం, ఇస్త్రీపెట్టె అడిగినవారికీ అడగనివారికీ పంచిపెట్టాడు.

“ఇస్త్రీపెట్టా?” తండ్రి కుర్చీలో ముందుకు జరిగాడు. “ఏరా, ఎక్కడిదిరా నీకు ఇస్త్రీపెట్టె?”

“నాకేం తెలుసు నాన్నా!”

“మా ఇంట్లో ఉంటే కదండీ వీడు పంచడానికి! ఉంటే నా చొక్కా ఇలా ఎందుకేడుస్తుంది?”

లైబ్రేరియన్ నవ్వబోయి, సందర్భం గుర్తొచ్చి, దగ్గింది.

“నేను హాస్టల్లో ఉండను సార్,” అన్నాడు అబ్బాయి. “రోజూ నాన్న బస్సులోనే వస్తాను. దుప్పటి తెచ్చుకుని ఏం చేసుకోను? లైబ్రరీ నుంచి ఈ ఏడు నేను ఒక్క పుస్తకం కూడా తీసుకోలేదు.”

“అది మాత్రం చెప్పుకోదగ్గ గొప్పేం కాదు,” అంది లైబ్రేరియన్.

వైస్ ప్రిన్సిపాల్ శిక్షకురాలి వైపు తిరిగాడు. “చూశారా మేడమ్? అన్నీ కాదంటున్నాడు. ఒప్పుకోకపోవడం కూడా ఒక లక్షణమని మీరే చెప్పారు.”

“కొందరు కొన్నిసార్లు ఒప్పుకోరు అని చెప్పాను సార్. ఒప్పుకోనివాళ్ళంతా ఆపదలో ఉన్నారని చెప్పలేదు.”

“అయ్యా,” అన్నారు మాస్టారు, కలం మూతను బల్ల మీద నిలబెడుతూ. “ఇతను ఔనంటే ఔను. కాదన్నా ఔనే. అలాంటప్పుడు ఇతన్ని అడగడం దేనికి? వాళ్ళ నాన్నగారి బస్సైనా నడిచేది.”

“మాస్టారూ, ఇది మీ క్లాసు కాదు.”

“కాదు. నా క్లాసులో తప్పు చేసినవాడికే సున్నా పడుతుంది.”

ఆ మాట అనేశాక ఆయనకు తృప్తి కలగలేదు. ఎదుటివాడి వాదంలో చిల్లు చూపించడం ఆయనకు చెయ్యి తిరిగిన పని; కాని చిల్లున్న వాదం చివర నిజం ఉండకూడదని తర్కశాస్త్రంలో ఎక్కడా లేదు. ఈ అబ్బాయి నిజంగానే ఆపదలో ఉంటే? తన చమత్కారానికి మురిసి, తీరా రేపు ఏదైనా జరిగితే? మూడు రోజుల పాఠాలు విన్నాక ఆయనకు మిగిలింది ఇదే: దేన్నీ నమ్మబుద్ధి కాదు, దేన్నీ కొట్టేయడానికి ధైర్యం చాలదు.

“ల్యాబులో మాట్లాడుకునేది ఏంటి బాబూ?” అని అడిగారాయన.

అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. “సోమవారం మాకు నోటి పరీక్ష సార్. ప్రశ్నా నేనే అడుగుతాను, జవాబూ నేనే చెప్పుకుంటాను. ఇంట్లో చదివితే చెల్లి వెక్కిరిస్తుంది. చివరి బెంచీ అంటారా, ముందు బెంచీ దగ్గర కిటికీ తెర పోయింది. బోర్డంతా మెరుస్తోంది, ఏమీ కనబడదు.” తండ్రి వైపు చూశాడు. “ఇప్పుడు ఇంటికి పంపిస్తే ఆ పరీక్ష పోతుంది సార్. పరీక్ష పోతే ఏడాది పోతుంది.”

జవాబు సరిపోయింది. మరీ చక్కగా సరిపోయిన జవాబంటే మాస్టారుకు ఎప్పుడూ అనుమానమే. పాఠం వల్లించేవాడూ తనలో తాను మాట్లాడుకుంటాడు; బాధ పడేవాడూ మాట్లాడుకుంటాడు. ఆ రెంటికీ మధ్య గీత ఆ కాగితం మీద లేదు.

“అసలు చీటీలు చూపించండి,” అన్నారు.

“అన్నీ ఇందులో టైపు చేయించాం కదా.”

“టైపు చేసిన కాగితంతో నాకు పని లేదు. చూసినవాళ్ళ రాత కావాలి.”

వైస్ ప్రిన్సిపాల్ సొరుగు తాళం తీసి, కవరులోంచి నాలుగు ఆకుపచ్చ చీటీలు బల్ల మీద పరిచాడు. నాలుగింటి మీదా కుడివైపు పైమూల ఒకే అంకె. రెండు చీటీలు నల్ల సిరా, ఒకటి నీలం, ఒకటి పెన్సిలు. నీలం చీటీలోని నాలుగు అంకె కుర్చీని తిరగేసినట్టు ఉంది. మాస్టారు వాటిని పేకముక్కల్లా అటూ ఇటూ జరిపి చూశారు. ఏదో తేడాగా ఉంది. ఆ తేడా అక్షరాల్లో లేదు, సిరాలో లేదు. ఏమిటో అందడం లేదు.

“ఇక్కడ పేరు రాసే చోటే లేదేమిటి?”

“పేర్లు రాయొద్దని నేనే చెప్పాను,” అన్నాడు వైస్ ప్రిన్సిపాల్, కాస్త గర్వంగానే. “పిల్లల గుట్టు బయటపడకూడదు కదా. నంబరు వేస్తే చాలన్నాను.”

“ఏ నంబరు?”

పైన పంకా తిరిగిన ప్రతిసారీ ఒక్కసారి టక్కుమంటోంది.

“ఏ నంబరు ఏమిటి మాస్టారూ? నంబరంటే రోల్ నంబరు!”

“సార్...” అంది లైబ్రేరియన్. ఆమె పెన్సిలు చీటీ వైపు చూస్తోంది. “నేను వేసింది టోకెన్ నంబరు.”

లైబ్రరీలోకి వెళ్ళేవారు సంచి బయట అప్పగించి ఇత్తడి టోకెన్ తీసుకోవాలి. దాని మీద అంకె చెక్కి ఉంటుంది. “నేను భోజనానికి వెళ్ళొచ్చేసరికి కౌంటరు మీద పదకొండు పుస్తకాలున్నాయి. అన్నీ నాటకాలే. పైన టోకెన్ పెట్టారు. మనిషి లేడు. ఒక్క మాటైనా చెప్పకుండా అన్నీ ఒకేసారి ఇచ్చేయడమేంటా అనిపించింది. రాశాను.”

“ఆ పుస్తకాలు ఎవరి పేరు మీద వెళ్ళాయో రిజిస్టరులో ఉంటుంది కదమ్మా?” అన్నారు మాస్టారు.

“ఉంటుంది. చూడలేదు.”

“ఎందుకని?”

“పేరు తెలియకూడదన్నారుగా సార్. చూడటం తప్పేమోనని చూడలేదు.”

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆమె చెప్పినదాంట్లో తప్పెక్కడుందో పట్టుకోవడానికి ఆయనకు క్షణం పట్టింది. ప్రతి అడుగూ సక్రమంగానే పడింది. చేరిన చోటు మాత్రం ఎవరిదీ కాదు.

శిక్షకురాలు లేచి నిలబడింది. “మొదటి రోజే చెప్పాను. ముందు పేరు రాయండి, తర్వాత కళ్ళతో చూసింది రాయండి అని. పేర్లు తీసేశారని నాకెవరూ చెప్పలేదు.”

“గోప్యత కోసం...” అంటూ వైస్ ప్రిన్సిపాల్ నీళ్ళు నమిలాడు.

“నల్ల సిరా చీటీలు రెండూ ల్యాబువాళ్ళవీ క్లాసువాళ్ళవీ. అవి ఈ అబ్బాయివే అనుకుందాం,” అన్నారు మాస్టారు, నెమ్మదిగా, తనకు తానే పాఠం చెప్పుకుంటున్నట్టు. “పెన్సిలు చీటీ టోకెన్. మరి ఈ నీలం చీటీ? ఈ గడియారం, ఈ దుప్పటి?”

తలుపు తెరుచుకుంది. మోచేతుల దాకా తడిసిన వార్డెన్ తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చాడు. “ఈ మోటారు నా ప్రాణం తోడేస్తోందండీ. అయిపోయిందా మీటింగు?” ఖాళీ కుర్చీలో కూలబడి, ఎదురుగా ఉన్న అబ్బాయిని చూశాడు. “ఇతనెవరు? కొత్తగా చేరాడా?”

“ఇతను మీ హాస్టల్ పిల్లాడు కాదా?” అన్నాడు వైస్ ప్రిన్సిపాల్, సన్నటి గొంతుతో.

“మావాడా? మా కుర్రాళ్ళ ముఖాలు నాకు తెలియవుటండీ? ఎవడు ఏ పూట ఎన్ని బకెట్లు ఒంపుకుంటాడో కూడా చెబుతాను.”

“మరి మీ చీటీలో నంబరు?”

“గది నంబరు సార్. మీరే కదా పేరు వద్దన్నారు?”

“ఆ గదిలో ఎవరుంటారు?” అని అడిగారు మాస్టారు. అడుగుతూనే ఆయన చెవిలో పదకొండు నాటకాలు వినిపించాయి.

“ఇంకెవరు మాస్టారూ, మన హీరో! ఆ నంబరంటే అతనికి పిచ్చి. లైబ్రరీలో టోకెన్ కూడా అదే అడిగి తీసుకుంటాడు. వారం నుంచి దానకర్ణుడైపోయాడు లెండి. దుప్పటి వాచ్‌మన్‌కి, ఇస్త్రీపెట్టె పక్కగది వాళ్ళకి. నాకు అలారం గడియారం ఇచ్చాడు. ‘ఇంక దీంతో నాకు పని లేదు సార్’ అన్నాడు. భలే మోగుతుంది లెండి.”

గదిలో ఎవరూ నవ్వలేదు. వార్డెన్ ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వచ్చాడు. చివరికి ఆయన ముఖంలోని నవ్వు కూడా ఏం చేయాలో తెలియనట్టు కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

“ఆఖరి సంవత్సరం కదండీ... గది ఖాళీ చేస్తాడు కదా అనుకున్నాను.”

“గదులు ఖాళీ చేసేది ఇంకో మూడు నెలలకి,” అంది శిక్షకురాలు. “అలా అనుకున్నవారు చీటీ ఎందుకు రాశారు?”

వార్డెన్ తడి తువ్వాలును మడత పెట్టాడు. మళ్ళీ విప్పాడు. “ఏమో మేడమ్. గడియారం నా చేతిలో పెట్టాక చెయ్యి వదల్లేదు. ఓ నిమిషం అలాగే పట్టుకున్నాడు. అది చీటీలో ఎలా రాయాలో నాకు తెలియలేదు. పంచిపెడుతున్నాడు అని రాసేశాను.”

మాస్టారుకు మొదటి రోజు కుర్చీలో కూర్చున్న హీరో కళ్ళముందు మెదిలాడు. అప్పుడు అతను చూసింది ప్రేక్షకులను కాదు, తనను. ‘పడేది ఒక్క గీతేగా’ అన్న మాట విన్నప్పుడు తన చేతిలో మార్కుల కాగితం ఉంది. అది నటనో నిజమో అని ఆ క్షణాన తనకు సందేహమైనా రాలేదు. ప్రతి విషయాన్నీ సందేహిస్తాడని పిల్లలు తనకు ‘సందేహాల మాస్టారు’ అని పేరు పెట్టారు. సందేహించాల్సిన ఆ ఒక్క మాటకే తాను చప్పట్లు కొట్టారు.

“మనం వెంటనే ఒక మీటింగు పెట్టి...” అని మొదలుపెట్టాడు వైస్ ప్రిన్సిపాల్.

“ఇప్పుడు మీటింగు కాదు సార్. మనుషులు వెళ్ళాలి,” అంది శిక్షకురాలు. “మీరు డాక్టరుకి ఫోన్ చేసి హాస్టలుకి రమ్మనండి. వార్డెన్ గారూ, అతను గదిలోనే ఉన్నాడా?”

“ఇప్పుడు ఇక్కడికి వస్తూ కిందినుంచి అతని కిటికీ వైపు చూశాను. ఉన్నాడు.”

“మీరు మెట్ల దగ్గర ఉండండి. గుంపుగా వద్దు. మాస్టారూ, మీరు నాతో రండి.”

“నేనా?”

“అతను ఆ మాట అన్నది మీతో.”

వైస్ ప్రిన్సిపాల్ ఫోన్ అందుకుని ఆగాడు. “ఒకవేళ ఇది కూడా పొరపాటైతే?”

మరే రోజైనా ఆ ప్రశ్న అడగాల్సినవారు మాస్టారే. “పొరపాటైతే ఒక కుర్రవాడు మనల్ని చూసి నవ్వుతాడు,” అన్నారాయన. “నవ్వనివ్వండి.” సంతకం లేని ఉత్తరాన్ని నిలువునా చింపి, సగం సగం చేసి, బస్సు డ్రైవరు వైపు తిరిగారు. “మిమ్మల్ని అనవసరంగా...”

“మావాడికేం లేదా సార్?”

“ల్యాబులో గట్టిగా చదువుతాడు. అంతే.”

“అదైతే ఇంట్లో నేనే చూసుకుంటాను. చెల్లి నోరు కూడా మూయిస్తాను.” ఆయన లేచాడు. “ఆ పిల్లాడి దగ్గరికి వెళ్ళండి సార్. నా బండి ఎలాగూ ఆగే ఉంది.”

కాలేజీ నుంచి హాస్టలుకు రెండు వందల అడుగులు కూడా ఉండవు. మాస్టారు ఆ దారిన ఎన్నోసార్లు నడిచారు, ఎప్పుడూ అంత దూరం అనిపించలేదు. తీగ మీద ఆరేసిన బట్టల కింద వంగి వెళుతూ, “ఏమని మొదలుపెట్టాలి?” అని అడిగారు.

“మొన్న చదివిన ప్రశ్నే,” అంది శిక్షకురాలు. “తిప్పి తిప్పి అడగొద్దు. సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు; ఉన్న ఆలోచనకి దారి దొరుకుతుంది. జవాబు చెప్పాక పాఠం మాత్రం చెప్పకండి. వినండి.”

“వినడం నాకు అలవాటు లేదమ్మా.”

“తెలుసు. మూడు రోజులుగా చూస్తున్నాను.”

రెండో అంతస్తులో వార్డెన్ మెట్ల దగ్గరే ఆగిపోయాడు. రెండువందల నాలుగో గది తలుపు ఓరగా తెరిచి ఉంది. శిక్షకురాలు గుమ్మం పక్కన నిలబడి, మాస్టారును ముందుకు వెళ్ళమని కళ్ళతోనే చెప్పింది.

గది శుభ్రంగా ఉంది. గోడల మీద నాటకాల బొమ్మలు అంటించిన చోట్ల చతురస్రాలు తెల్లగా మిగిలాయి. పరుపు చుట్ట చుట్టి ఉంది. ఉత్త మంచం పట్టె మీద కూర్చుని హీరో బూట్ల తాళ్ళు విప్పుతున్నాడో, కడుతున్నాడో తెలియలేదు. తలెత్తి నవ్వాడు. అదే నవ్వు.

“ఏంటి సార్, మళ్ళీ అభ్యాసమా? ఈసారి నాది ఏ వేషం?”

మాస్టారు అలవాటుగా జేబు తడుముకున్నారు. కాగితం లేదు. ఆ ప్రశ్న ఆయనకు కంఠతా వచ్చు.

“మొన్న నేను చదివాను బాబూ. ఇవాళ అడుగుతున్నాను. నీకు చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా?”

నవ్వు అతని ముఖం మీద కాసేపు అలాగే ఉంది. తాళ్ళు పట్టుకున్న వేళ్ళు మాత్రం ఆగిపోయాయి. బయట ఎక్కడో బాగైన మోటారు తిరుగుతూ, నీళ్ళు గొట్టంలోకి గుడగుడా ఎక్కుతున్నాయి.

“కూర్చోండి సార్,” అన్నాడు చివరికి.

మాస్టారు అటూ ఇటూ చూశారు. ఆ గదిలో కుర్చీ లేదు. కిటికీ పక్కన, అది ఇన్నాళ్ళూ ఉన్న చోట, నేల మీద నాలుగు చిన్న గుండ్రని మచ్చలున్నాయి. దాన్ని కూడా ఎవరికో ఇచ్చేశాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మాస్టారు నెమ్మదిగా ఆ మచ్చల మధ్యనే కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి ఒక విద్యార్థిని ఆయన తలెత్తి చూడాల్సి వచ్చింది.

“చెబుతాను సార్,” అన్నాడు హీరో. ఈసారి గొంతు వేరు. అది నాటకంలో ఎప్పుడూ వినని గొంతు. “ముందు మీరొకటి చెప్పండి. మొన్న నాకు తొమ్మిదే వేశారు. ఆ ఒక్క మార్కు దేనికి తగ్గించారు?”

వేసిన ప్రతి మార్కుకూ కారణం చెప్పగలనని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చెప్పుకుంటూ వచ్చిన మనిషి ఆయన. ఈ మార్కుకూ కారణం ఉంది. అది ఆయనకు బాగా తెలుసు: కాగితంలో లేని మాట అన్నందుకు.